కొండమీది వేసవి ఇంటికి చరిత్ర రాయాలంటే

మీ క్రైస్తవ సంఘానికో మఠానికో కొండమీద ఒక వేసవి ఇల్లుంది, దానికి నూరేళ్ళు నిండుతున్నాయి, చిన్న పుస్తకం వేద్దామని కమిటీ తీర్మానం చేసింది అనుకుందాం. ఆ పని ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. మా దగ్గర నా నెత్తిన పడింది. చిత్తూరులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసుకుంటూ బతికినవాణ్ణి కాబట్టి పాత కాగితం ఏదిచ్చినా చదివేస్తానని మావాళ్ళ నమ్మకం. సగం చదవగలను. మిగతా సగం ఎవరిని అడగాలో తెలుసు. ఈ పనికి అది చాలు.

మాది హార్సిలీ కొండ వైపు ఉన్న పెంకుటిల్లు. మూడు గదులు, ముందు వరండా, విడిగా వంటిల్లు, ఇప్పుడెవరూ మంట వేయని పొగగూడు ఒకటి. చిత్తూరులో మా పెద్దవాళ్ళకు అది 'కొండిల్లు'.

ఇలాంటి పుస్తకాలు మామూలుగా ఎలా ఉంటాయో మీకు తెలుసు. మొదట శుభాకాంక్షలు, తర్వాత శిలాఫలకం ఫొటో, తర్వాత కాపరులో (అంటే పాస్టర్లు) స్వాములో వరుసగా ఎవరెవరు పనిచేశారో వాళ్ళ పేర్లు, చివర్న దాతల జాబితా. మా బీరువాలో అట్లాంటివి చాలా ఉన్నాయి. అన్నీ చదివినా ఆ ఇంట్లో ఎవరు పడుకున్నారో, ఎవరు వంట చేశారో, మంచాలు పైకి ఎవరు మోశారో ఒక్క ముక్క దొరకదు. అందుకని శిలాఫలకం జోలికి ముందే పోవద్దు. దానిమీద ఉండేది ప్రారంభోత్సవం తేదీ. రిబ్బన్ కత్తిరించిన మనిషికి ఆ ఇంటితో అంతకుమించి సంబంధం లేకపోవచ్చు.

మొదట తేల్చుకోవాల్సింది, అసలు ఆ ఇల్లెందుకు కావలసి వచ్చిందని. దీనికి మీ ఒక్క ఊరి కథ సరిపోదు, కొంచెం వెనక్కి పోవాలి. అమెరికా నుంచి తమిళనాడు మధురైకి వచ్చిన మిషనరీలు కింద మైదానంలో కలరాకూ జ్వరాలకూ పెళ్ళాం బిడ్డల్ని పోగొట్టుకుని, చల్లటి చోటు వెతుక్కుంటూ పళని కొండలెక్కారు. 1845లో కొడైకెనాల్‌లో తొలి రెండు ఇళ్ళు కట్టింది వాళ్ళే. అక్కణ్ణించి దక్షిణాదిలో ప్రతి మిషనూ ఎండాకాలానికి ఒక కొండను చూసుకోవడం అలవాటైపోయింది. ఏప్రిల్, మే నెలలు పైన, మిగతా సంవత్సరం కింద. విహారం అనే మాట అప్పటి కాగితాల్లో తక్కువ, ఆరోగ్యం అనే మాటే ఎక్కువ. పాత ఇంగ్లీషు రిపోర్టుల్లో బంగళా, కాటేజ్ అని వెతికి దొరక్కపోతే శానిటోరియం, శానిటేరియం అని వెతకండి.

మన వైపు సంగతి ఇంకో రకం. ఆర్కాటు మిషన్ అనే అమెరికా మిషన్ పెట్టింది స్కడర్ అన్నదమ్ములు, 1853లో. వాళ్ళ తొలినాటి స్థావరాల్లో మన చిత్తూరు ఒకటి. మదనపల్లెలో స్టేషన్ తెరిచింది జేకబ్ చాంబర్లిన్, 1863లో. ఆయన డాక్టరూ పాదిరీ కూడా. తెలుగు బైబిల్ సవరణ సంఘంలో ఏళ్ళతరబడి కూర్చున్నాడు, 1908లో మదనపల్లెలోనే పోయాడు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, చిత్తూరు కంటే ఊరే చల్లన. క్షయరోగులకు గాలి మంచిదని 1912లో ఆరోగ్యవరం శానిటోరియం అక్కడ మొదలైంది కూడా అందుకే. ఆ పక్కనే నాలుగువేల అడుగులు దాటిన కొండ. జనం దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్ళు. కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్సిలీ వేసవికి అక్కడ బంగళా కట్టుకోవడంతో ఆయన పేరు కొండకు అంటుకుంది. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరు డిగ్రీల పైచిలుకు వేడి తగ్గుతుంది. మే నెలలో చిత్తూరులో ఫ్యాను కింద చెమట కారుస్తూ కూర్చున్నవాడికి ఆ ఆరు డిగ్రీల విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఈ భాగం పుస్తకంలో రెండు పేజీలకు మించనివ్వకండి. మా కమిటీలో ఒకాయన మల్లమ్మకు ఏనుగులు మేత తెచ్చిపెట్టిన కథ నుంచి మొదలుపెట్టి టాగూరు దాకా వచ్చేశాడు. టాగూరు 1919లో మదనపల్లె బెసెంట్ కాలేజీకి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి తిప్పిన మాట నిజమే. దానికీ మా వంటింటికీ ఏమిటి సంబంధం?

ఇక నాకు బాగా తెలిసిన చోటికి వస్తున్నాను, భూమి కాగితాలకు. ఇక్కడ తొందరపడితే అంతా తప్పుతుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

కాగితం వెతికే ముందు, ఆ కాలంలో ఆ స్థలం ఏ జిల్లాలో ఉండిందో రాసుకోండి. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. అంటే 1890ల నాటి హార్సిలీ కొండ కాగితం కోసం చిత్తూరు జిల్లా అని వెతికితే ఏదీ కనబడదు. ఉత్తర ఆర్కాటు అని వెతికినా కనబడదు. కడప అని వెతకాలి. అప్పటి పరిస్థితులు తెలుసుకోవడానికి గ్రిబుల్ దొర 1875లో రాసిన కడప జిల్లా మాన్యువల్ చూడాలి. మీ ఇల్లు చిత్తూరు, తిరుపతి వైపుదైతే కాక్స్ దొర 1881లో రాసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ చూడాలి. రెండూ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టి ఉన్నాయి. 1953 అక్టోబరు 1 దాకా మనం మద్రాసులో ఉన్నాం. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, హార్సిలీ కొండ బి. కొత్తకోట మండలంలోకి పోయింది. 2022లో మదనపల్లె వైపంతా అన్నమయ్య జిల్లాలో కలిసింది. ఈ తేదీలన్నీ ఒక అట్టముక్క మీద రాసి టేబుల్ ముందు అంటించుకోండి. ఏ ఆఫీసుకు పోయినా గుమాస్తా మొదట అడిగేది 'ఏ జిల్లా సార్?' అనే.

తర్వాత రెవెన్యూ రికార్డు. మన వైపు డైగ్లాట్ అంటారు, పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కనే అచ్చేసి ఉంటాయి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి తరగతి, ఎవరి పేరుమీద ఉందో ఉంటుంది. ఫారెస్టు, పోరంబోకు, పట్టా, ఈ మూడింట్లో మీ స్థలం ఏదో అక్కడే తేలుతుంది. దానితోపాటు ఎఫ్ఎంబీ, అంటే సర్వే కొలతల పటం, నకలు తీసుకోండి. ఇంటి కొలతలు కాకపోయినా స్థలం ఆకారం, పక్క నంబర్లు తెలుస్తాయి. అడంగల్, వన్‌బీ ఈ కాలపు కాగితాలు, అవి చరిత్రకు పెద్దగా పనికిరావు.

ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. కొత్త ఈసీ, అంటే ఆస్తిమీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, మీసేవలో దొరుకుతుంది, కంప్యూటర్‌లో ఎక్కింది సుమారు 1983 నుంచి. అంతకు ముందుది చేత్తో వెతకాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో నంబరు పుస్తకంలో నకలు ఎక్కుతాయి. దానికి రెండు ఇండెక్సులు ఉంటాయి, మొదటిది మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సెక్షన్ 57 కింద ఫీజు కట్టి అర్జీ పెట్టుకుంటే ఈ ఒకటో పుస్తకం, దాని ఇండెక్సులు ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. 'మీరు పార్టీ కాదు కదా' అని ఎవరైనా తిప్పి పంపబోతే సెక్షన్ నంబరు మర్యాదగా చెప్పండి. వీలునామాలుండే మూడో పుస్తకం, ఇతర కాగితాలుండే నాలుగో పుస్తకం మాత్రం అందరికీ చూపించరు.

మొదట రెండో ఇండెక్సు, అంటే గ్రామం వారీగా ఉండేది వెతకండి. పేర్ల ఇండెక్సు మోసం చేస్తుంది. మిషన్ ఆస్తులు సంఘం పేరుమీద ఉండవు. తొలినాళ్ళలో ఎవరో ఒక దొర సొంత పేరుమీదనో, మిషన్ బోర్డు పేరుమీదనో ఉంటాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడ్డాక చాలా ఆస్తులు దాని ట్రస్ట్ అసోసియేషన్ పేరుకు మారాయి, అది కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థ. 'ఫలానా ఊరి సంఘము' అని వెతికి ఏమీ లేదని ఇంటికొచ్చేసినవాళ్ళు నాకు తెలుసు.

అంతా వెతికినా ఏమీ దొరక్కపోతే భూమి సర్కారుదేమో చూడండి. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటులకు, అసైన్‌మెంట్లకు సెక్షన్ 90 కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కొండల మీద ఇది మామూలే. మా కొండింటి స్థలానికి రిజిస్టర్ దస్తావేజు లేదు. పైన కట్టిన ఇంటికి మాత్రం ఉంది, ఒక దొర ఇంకొకరికి అమ్మినది. స్థలం కాగితం రెవెన్యూ ఫైల్లో, ఇంటి కాగితం రిజిస్ట్రేషన్ పుస్తకంలో. రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే అర్థమవుతుంది.

దస్తావేజు దొరికాక అందరూ తేదీ, ధర, పేరు రాసుకుని మూసేస్తారు. మీరు చెక్కుబందీ చదవండి. తూర్పుకు ఏముంది, పడమటికి ఏముంది అని రాసే నాలుగు పంక్తులు. రాసినవాడికి అది కళ్ళు మూసుకుని చేసే పనే, నేనూ అట్లా వేలకొద్దీ రాసినవాణ్ణే. కానీ చరిత్రకు అదే అసలు సరుకు. మా దాంట్లో తూర్పున ఒక దొరసాని బంగళా, దక్షిణాన బండ, పడమట ఫారెస్టు రాయి, ఉత్తరాన 'డోలీలు పోవు బాట' అని ఉంది. ఆ చివరి మాటతో ఒక అధ్యాయం తెరుచుకుంది. అప్పటికి బండ్లు ఇంటిదాకా పోయేవి కావు, మనుషులు మనుషుల్ని మోసేవాళ్ళు, దానికి విడిగా ఒక బాట ఉండింది. తూర్పు ఇంటి దస్తావేజు కూడా తీయండి. వాళ్ళ పడమటి హద్దులో మీ ఇంటిని ఏ పేరుతో పిలిచారో చూడండి. మన ఇంటిని పొరుగువాళ్ళు ఏమని పిలిచారన్నది మన రికార్డులో ఎప్పుడూ ఉండదు.

ఇంటిని కూడా చదవాలి. పెంకులతో మొదలుపెట్టండి. ఒకటి తీసి అడుగు చూస్తే మంగుళూరు కంపెనీ ముద్ర ఉంటుంది. ఆ పెంకుల పరిశ్రమ మొదలుపెట్టింది కూడా ఒక మిషనే, బాసెల్ మిషన్, 1865లో. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్ట్ చేతికి పోయాయి. కాబట్టి బాసెల్ మిషన్ ముద్ర ఉన్న పెంకు సుమారుగా యుద్ధానికి ముందుది, కామన్‌వెల్త్ ముద్ర ఉంటే తర్వాతది. కొన్ని పెంకుల మీద ఒక సంవత్సరం కూడా ఉంటుంది, దాన్ని చూసి గంతులేయకండి. చాలాసార్లు అది కంపెనీ పెట్టిన సంవత్సరం, పెంకు కాల్చిన సంవత్సరం కాదు. ఇంకో ఇబ్బంది కోతులు. కొండమీద పెంకులు ఏటా పగులుతాయి, ఏటా మారుస్తారు. వాటికి అందని చోట, అంటే వంటింటి లోపలి చూరు కింద, గోడకు ఆనుకున్న వరసలో చూడండి. గోడ ఎక్కడైనా పెచ్చులూడి ఉంటే సున్నమా సిమెంటా చూసి రాసుకోండి. చెట్లను సాక్ష్యంగా తెచ్చేవాళ్ళు ఉంటారు. హార్సిలీ హిల్స్‌లో 1859లో నాటారని చెప్పే పెద్ద నీలగిరి చెట్టుంది, దాన్ని చూపించి మన ఇల్లూ అప్పటిదే అని వాదించారు మావాళ్ళు. చెట్టు వయసు చెట్టుదే.

కాగితం, గోడ అయ్యాక లెక్కల పుస్తకం. నన్నడిగితే చరిత్ర అంతా ఇక్కడే ఉంది. మినిట్స్ పుస్తకంలో కమిటీవాళ్ళు తమ గురించి తాము రాసుకుంటారు, ఆ భాష ఎప్పుడూ ఇస్త్రీ మడతలోనే ఉంటుంది. జమాఖర్చులో అబద్ధం ఆడటానికి ఎవరికీ తీరిక ఉండదు. మా కొండింటి పాత లెక్క ఇంగ్లీషులో ఉంది, ఎవరో దొరసాని చేతిరాత, సన్నగా ఒకవైపుకు వాలి ఉంటుంది. డోలీ కూలి, పాలు, కట్టెలు, లాంతరు చిమ్నీ, దూలానికి చెదల మందు, కోడిగుడ్లు, మళ్ళీ డోలీ కూలి. కూలివాళ్ళకు పేర్లు లేవు, తలకాయల లెక్కే. వంటవాడికి మాత్రం పేరుంది. సీజను చివర్లో అతనికి ఒక కంబళి ఇచ్చినట్టు ఒక పద్దు ఉంది.

ఈ పుస్తకాలు చదివేటప్పుడు రెండు నిలువు వరసలు పెట్టుకోండి. ఒకదాంట్లో ఆ ఇంటికి పనికోసం పోయినవాళ్ళు, రెండోదాంట్లో ఉండటానికి పోయినవాళ్ళు. మనవాళ్ళ పేర్లు మొదట ఏ వరసలో కనబడతాయో, ఎప్పుడు రెండో వరసలోకి దాటతాయో వెతకండి. నేను ఈ పుస్తకానికి పెట్టుకున్న ప్రశ్న ఇదొక్కటే. మన తాతలు ఆ కొండింటి దాకా వెళ్ళారు, నిజమే. చాలాకాలం వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు. వరండాలో ఉన్న పడక కుర్చీలో మా సంఘంవాడు ఎప్పుడు కూర్చున్నాడు? 1908లో ఆర్కాటు మిషన్ సంఘాలు దక్షిణ ఇండియా ఐక్య సంఘంలో చేరాయి, కాగితం మీద అప్పుడే మనం మన కాళ్ళమీద నిలబడ్డాం. మా విజిటర్స్ బుక్‌లో తొలి తెలుగు పేరు దానికి చాలా తర్వాత కనబడింది. ఒక హెడ్‌మాస్టరు, భార్య, పిల్లలు. ఆయన పేరు పక్కన దేశీయ కాపరిగారి సిఫారసు మీద అని ఇంకొకరి చేతిరాత. దొరల పేర్ల పక్కన ఎవరి సిఫారసూ లేదు. ఆ పేజీని పుస్తకంలో అచ్చేయాలని నా పట్టు. మా కమిటీలో కొందరికి ఇది చేదుగా ఉంది, 'ఇప్పుడవన్నీ ఎందుకన్నా, మేలు చేసినోళ్ళే కదా' అన్నారు. మేలు చేసిన మాట నేను కాదనలేదు, రెండు పేజీలు రాశాను. మూడో పేజీలో ఇది ఉంటుంది.

మీ దగ్గర లెక్కల పుస్తకం లేదంటారా? బీరువాలో లేకపోతే కోశాధికారిగా చేసినవాళ్ళ ఇళ్ళల్లో అడగండి. పదవి దిగినవాళ్ళు పుస్తకం అప్పజెప్పకుండా ఇంట్లో పెట్టుకోవడం మన సంఘాలన్నింట్లో ఉన్న ఆచారమే. కొడుకు తెలియదంటాడు, కోడలు అటకమీంచి తీసిస్తుంది.

పెద్దవాళ్ళతో మాట్లాడటం చివర్న పెట్టుకోండి. కాగితాలు చూడకముందే వెళ్తే ఏం అడగాలో తెలియదు. వాళ్ళను సంవత్సరం అడగకండి, ఎవరికీ గుర్తుండదు, మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. జరిగిన సంగతికి ముడిపెట్టి అడగండి. వేసవి ఇంటికి వేసవిలో జరిగిన సంగతులే పనికొస్తాయి, ఎందుకంటే మిగతా సంవత్సరం అక్కడ వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. నెహ్రూ పోయింది 1964 మే 27న. రాజీవ్ గాంధీని శ్రీపెరంబుదూరులో చంపింది 1991 మే 21న. మన జిల్లాలో అప్పుడు బస్సులు ఆగిపోయి కొండమీద ఉన్నవాళ్ళు ఉన్నచోటనే ఉండిపోయారు, కాబట్టి బాగా గుర్తు. నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో, డబ్బుల లెక్క అడగాలంటే అది మంచి గుర్తు.

పాత వాచ్‌మన్ కూతురు ఒకావిడ, ఇప్పుడు ఎనభై దాటింది, కొండ కింద ఊళ్ళో ఉంది. నేను వెళ్ళి, 'అవ్వా, కొండింట్లో కరెంటు ఎప్పుడొచ్చింది?' అని అడిగాను.

'ఏ సమ్మచ్చరమో నాకేం తెల్సు నాయనా' అంది.

'నెహ్రూ పోయినప్పుడు ఉండిందా?'

'యాడిది? అప్పుడు రేడియో బ్యాటరీది. దొరసాని వరండాలో కూసోని ఇనింది, కండ్లల్లో నీళ్ళు పెట్టుకునింది. మాయమ్మ రవ్వ ఏంచతా ఉండె, మాడిపాయ. ఆ పొద్దు మాడిన ఉప్మానే అందరూ తిన్నారు, ఎవురూ ఏమీ అనలా.'

కరెంటు 1964 మే తర్వాత వచ్చిందని తేలింది. అప్పటికీ అక్కడ దొరసాని ఒకరు ఉండేవారని తేలింది. ఆ దొరసాని ఎవరో విజిటర్స్ బుక్‌లో అదే వారం చూస్తే దొరికింది. మాడిన ఉప్మా ఏ పుస్తకంలోనూ లేదు.

రికార్డింగ్ చేసేముందు ఫోను టేబుల్ మీద పెట్టి, రికార్డు చేస్తున్నానని చెప్పండి. ఇంట్లో మగవాళ్ళు పక్కన కూర్చుంటే ఆడవాళ్ళు మాట్లాడరు, వాళ్ళే మాట్లాడేస్తారు. కాఫీ తాగి బయటికి వెళ్ళే పని ఏదో ఒకటి మగవాళ్ళకు కల్పించాలి. కోర్టు తగాదాల గురించి ఎవరు ఏం చెప్పినా రాసుకోండి కానీ తీర్పు కాగితం చేతిలో లేకుండా అచ్చేయకండి. బతికున్నవాళ్ళ పేరు పెట్టి 'ఈయన తిన్నాడు' అని రాస్తే మీ పుస్తకం కూడా ఒక కోర్టు కాగితం అవుతుంది.

దూరం కాగితాల గురించి క్లుప్తంగా. 1953కు ముందు ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. చిత్తూరు నుంచి కాట్పాడి మీదుగా రైల్లో పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు, కాకపోతే అనుమతి కోసం ముందే రాసుకోవాలి. ఆర్కాటు మిషన్ సొంత కాగితాలు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్‌లో, రిఫార్మ్‌డ్ చర్చ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అంతదూరం పోనక్కర్లేదు. పాత వార్షిక రిపోర్టులు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఊరి పేరును ఒకే స్పెల్లింగుతో వెతక్కండి. మదనపల్లెను వాళ్ళు మడ్నపిల్లీ అని, ముదనపల్లి అని ఇష్టమొచ్చినట్టు రాసేవాళ్ళు, హార్సిలీ కొండను కలిపి ఒకే మాటగా రాసేవాళ్ళు. ఇంగ్లీషు ఈమెయిల్ రాయగల మనవడో మనవరాలో ఉంటే ఆర్కైవ్స్‌కు నేరుగా రాయించండి. ఏ సంవత్సరం, ఏ స్టేషన్, ఏం కావాలి, మూడే ముక్కలు. మన సంఘ చరిత్ర మొత్తం చెప్పుకుంటూ నాలుగు పేజీలు రాస్తే అక్కడి మనిషి ఏం వెతకాలో తెలియక తల పట్టుకుంటాడు.

ఇది చదివే తిరుపతివాళ్ళకు ఒక మాట. మీది తిరుమల మీద మఠమో, కులసత్రమో అయితే పద్ధతి ఇదే, కాలాన్ని విడదీసే గీతలు వేరు. 1843 నుంచి 1933 దాకా కొండ పెత్తనం హథీరాంజీ మఠం మహంతులది, ఆ తర్వాత దేవస్థానం కమిటీది. 1944లో ఘాట్ రోడ్డు వచ్చింది. మీ సత్రం కథ ఆ రోడ్డు దగ్గర రెండుగా చీలుతుంది. రోడ్డుకు ముందు బియ్యం మూటలు మెట్లదారిన ఎవరు మోశారో, ఏ మండపం దగ్గర దించుకునేవాళ్ళో మీ లెక్కల్లో ఉంటుంది. మాడవీధుల చుట్టుపక్కల ఉన్న ఎన్నో పాత మఠాలూ ఇళ్ళూ తర్వాతి కాలంలో తొలగించేశారు కాబట్టి మీకు పెంకులు, గోడలు చూసే వీలుండదు. పాత ఫొటోలు, పరిహారం కాగితాలు వెతుక్కోండి. పరిహారం ఫైల్లో ఇంటి కొలతలు, గదుల లెక్క, ఒక్కోసారి తలుపుల లెక్క కూడా దొరుకుతుంది. ఇల్లు నిలబడి ఉన్నప్పుడు ఎవరూ అంత శ్రద్ధగా రాయరు.

రాయడం మొదలుపెట్టాక సంవత్సరాల వరసలో పోకండి. వేసవి ఇంటికి ప్రతి సంవత్సరం ఒకేలా ఉంటుంది, చదివేవాడికి నిద్ర వస్తుంది. మేము ఒక సీజను వరసలో రాస్తున్నాం. మార్చిలో తాళం తీయడం, వెల్ల వేయడం, సామాను పైకి పోవడం, వంటిల్లు, ఆదివారం ఆరాధన వరండాలో, పిల్లలు, జబ్బులు, జూన్ మొదటి వానకు ముందు దిగిరావడం. ఒక్కో అధ్యాయంలో డోలీల కాలం, ఎద్దుబండి కాలం, బస్సు కాలం, ఇప్పుడు ఇన్నోవా కాలం పక్కపక్కన పడతాయి. తేదీల పట్టిక చివర ఒక పేజీ. కాపరుల జాబితా కూడా వెనకే. వెనక పెట్టామని ఒకరిద్దరు ఇంకా కోపంగానే ఉన్నారు.

ఎక్కడ దొరికిన సంగతి అక్కడే రాసుకోండి. పుస్తకం నంబరు, పేజీ, ఏ ఆఫీసు, ఏ బీరువా, ఎవరు చెప్పారు. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు. దస్తావేజుకు సర్టిఫైడ్ నకలు డబ్బు పెట్టి తీసుకోండి, ఫొటో ఒక్కటే ఉంటే కోర్టులో చెల్లదు. ఒకే చోట ఒకే ప్రతి ఉంచకండి. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్ళు కాలిపోయినప్పుడు, అంతకుముందే నకలు తీసి పెట్టుకున్నవాళ్ళు ఎంత నిమ్మళంగా ఉన్నారో, రేపు పోదాంలే అనుకున్నవాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో చిత్తూరు దాకా తెలిసింది. ఒక ప్రతి సంఘం బీరువాలో, ఒకటి దగ్గర్లోని కాలేజీ లైబ్రరీలో, ఒకటి ఊరి బయట ఉన్న మనవాళ్ళ ఇంట్లో.

పాత పుస్తకాలకు లామినేషన్ మాత్రం చేయించకండి. జిరాక్స్ షాపువాడు 'చేసిస్తా సార్, నూరేళ్ళుంటుంది' అంటాడు. ఆ వేడికి, ఆ జిగురుకు కాగితం ఇంకెప్పటికీ విడిరాదు, సిరా కూడా మసకబారుతుంది. సెల్లోటేపు కూడా వద్దు. చిరిగిన పేజీని తెల్ల కాగితం మీద చదునుగా పరిచి, పగటి వెలుతురులో కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ వేయకుండా ఫోన్‌తో నిలువుగా పైనుంచి ఫొటో తీయండి. పక్కన చిన్న చీటీ మీద పేజీ నంబరు రాసి అది కూడా ఫొటోలో పడేటట్టు చూడండి. తర్వాత పుస్తకాన్ని నూలు గుడ్డలో చుట్టి ఇనుప పెట్టెలో, నేలకు తగలకుండా ఎత్తుమీద పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు పెడితే గుడ్డ బయట పెట్టండి, కాగితానికి తగలకూడదు. ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో మినిట్స్‌లో రాయించండి.